పుర్రెకో లెక్క

రోగి చేతికి పెన్ను ఇచ్చి, అట్ట మీద బిగించిన తెల్ల కాగితం మీద ఒక సుడి గీయమంటారు. మధ్యలో మొదలుపెట్టి, జిలేబీ చుట్టినట్టు చుట్టుచుట్టుగా బయటికి రావాలి. మొదటి కాగితం మీద వచ్చేది సుడిలా ఉండదు, రంపపు పళ్లలా ఉంటుంది. ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు ఎక్కుతుంది. గీసే మనిషి ఎంఆర్‌ఐ బల్ల మీద పడుకుని ఉంటాడు. గుండు చేసి, తలకు లోహపు చట్రం బిగించి, దాని మీద పెద్ద గిన్నె బోర్లించినట్టు ఒక పరికరం అమరుస్తారు. నెత్తికీ గిన్నెకూ మధ్య చన్నీళ్లు తిరుగుతుంటాయి. గిన్నె లోపలి గోడకు 1024 చిన్నచిన్న అల్ట్రాసౌండ్ బిళ్లలు. కొన్ని సెకన్లపాటు శబ్దం పంపుతారు, బల్లను బయటికి లాగుతారు, మళ్లీ సుడి గీయిస్తారు. విడత విడతకూ గీత నున్నబడుతూ వస్తుంది. అన్నీ కుదిరితే చివరి కాగితం మీది సుడి బడిపిల్లాడు గీసినంత శుభ్రంగా ఉంటుంది. పుర్రెకు బెజ్జం పెట్టరు, కత్తి తాకదు, రోగి మొదటి నుంచి చివరిదాకా మెలకువగానే ఉంటాడు.

ఇది ఎసెన్షియల్ ట్రెమర్ అనే చేతివణుకుకు చేసే చికిత్స. కాఫీ కప్పు ఎత్తబోతే తొణికిపోవడం, సంతకం పెట్టబోతే చెయ్యి ఆడిపోవడం దీని లక్షణాలు. ఊళ్లలో దీన్నీ పార్కిన్సన్స్‌నూ కలిపి 'వణుకుడు జబ్బు' అనేస్తారు. రెండూ వేరు. పార్కిన్సన్స్‌లో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో పని మొదలుపెడితేనే వణుకు.

ఈ చికిత్స వీడియోలు ఫోన్లలో తిరుగుతూ కృష్ణా జిల్లాలోని కూచిపూడి ఊరి దాకా వస్తాయి. వాటి వెనకే ఇంకో రకం వార్తలూ వస్తాయి: హెల్మెట్ పెట్టుకుంటే చాలు, శబ్దంతో మెదడు లోతులను ఉత్తేజపరిచి దిగులు పోగొట్టవచ్చని, వ్యసనం మాన్పించవచ్చని, కోమాలోంచి లేపవచ్చని. చదివేవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి. పరికరాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. చేసే పనిలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. మొదటిది వాత పెట్టడం. రెండోది తట్టి లేపడం. వాత ఆసుపత్రి దాకా వచ్చేసింది. తట్టడం ఇంకా ప్రయోగశాల గడప దాటుతోంది.

వాత సంగతి ముందు చూడాలి, ఎందుకంటే దాని లెక్కలు తేలాయి. థలామస్ అనే లోతైన భాగంలో కొన్ని మిల్లీమీటర్ల మేర ఒక చిన్న కేంద్రం ఉంది. చేతివణుకును నడిపించే నాడీవలయం అందులోంచే పోతుంది. శబ్దకిరణాలన్నీ అక్కడ కలిస్తే వేడి పుడుతుంది. మొదట కాస్త వేడి చేసి చూస్తారు. వణుకు తగ్గిందా, మాట తడబడిందా, పెదవులకు తిమ్మిరి పట్టిందా అని అడుగుతారు. గురి కుదిరిందని తేలాకే 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకెళ్తారు. అక్కడి కణజాలం శాశ్వతంగా మాడిపోతుంది. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్ ఎలియాస్ బృందం 76 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. చికిత్స పొందినవారిలో మూడు నెలలకు చేతివణుకు 47 శాతం తగ్గింది. యంత్రంలో పడుకోబెట్టి శబ్దం పంపకుండా లేపినవారిలో మార్పు దాదాపు సున్నా. ఆ ఏడాది జులైలోనే అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదముద్ర వేసింది.

ఇందులో నష్టం లేకపోలేదు. మూడోవంతుకు పైగా రోగుల్లో మొదట నడక తూలింది, దాదాపు అంతమందికి తిమ్మిర్లు వచ్చాయి. ఏడాది తర్వాత కూడా నూటికి 9 మందికి నడక ఇబ్బంది, 14 మందికి తిమ్మిరి మిగిలాయి. మాడ్చినది తిరిగి రాదు కదా. పార్కిన్సన్స్ మీద 94 మందితో చేసిన మరో పరీక్ష 2023లో వెలువడింది. చికిత్స పొందినవారిలో 69 శాతం మందికి మేలు కనిపించింది, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 32 శాతం మందికి. ఆ 32ను మరిచిపోకూడదు. ఏ చికిత్సా లేకుండానే, చికిత్స జరిగిందన్న నమ్మకంతో మూడోవంతు మందికి మెరుగనిపించింది. ముందు ముందు తట్టి లేపే రకాన్ని తూచేటప్పుడు ఈ అంకె అవసరపడుతుంది.

మాడ్చకుండా మెదడును శబ్దంతో ఆపవచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై అనే అన్నదమ్ములు 1950లలో ఈ పని మీదే కూర్చున్నారు. 1958లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వారి ప్రయోగం ఇలా సాగింది. పిల్లి కంట్లో వెలుగు మెరిపిస్తే దాని దృష్టి కార్టెక్స్‌లో ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. కంటికీ కార్టెక్స్‌కూ మధ్య లాటరల్ జెనిక్యులేట్ అనే మజిలీ ఒకటి ఉంది. అక్కడికి శబ్దం గురిపెట్టారు. స్పందన పడిపోయింది. శబ్దం ఆపాక కొంతసేపటికి మళ్లీ మామూలైంది. మెదడు లోతులోని ఒక మీటను నొక్కి, వదిలినట్టు. కానీ ఆ రోజుల్లో శబ్దం లోపలికి వెళ్లాలంటే ముందు పుర్రెలో ఒక కిటికీ కోయాల్సిందే. 'కోత లేని చికిత్స' కోతతోనే మొదలైంది.

అడ్డం పడింది పుర్రె. విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధిలోకి మళ్లినా కనిపించే స్కానింగ్ సెంటర్లలో వాడేది ఇదే అల్ట్రాసౌండ్. లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డుల వల్ల ఆ యంత్రం పేరు ఊరందరికీ తెలుసు. పొట్ట మీద జెల్ రాసి పెడితే గర్భంలోని బిడ్డ చిటికెనవేలు కూడా కనిపిస్తుంది. అదే పెద్దవాళ్ల తల మీద పెడితే లోపలి నుంచి అంత తేటగా ఏదీ రాదు. ఎముక శబ్దాన్ని పీల్చేస్తుంది, వెనక్కి కొడుతుంది, దారి మళ్లిస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అందుకే గర్భస్థ శిశువును చూసే యంత్రాలు సెకనుకు కొన్ని మిలియన్ల కంపనాలు వాడితే, పుర్రెను దాటించేవి సుమారు రెండున్నర లక్షల నుంచి ఏడు లక్షల దగ్గర ఆగుతాయి.

పౌనఃపున్యం తగ్గిస్తే ఇంకో చిక్కు. సెకనుకు అయిదు లక్షల కంపనాల శబ్దానికి మెదడులో ఒక అల పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లు. దానికంటే సన్నగా గురిపెట్టడం కష్టం. పైగా మెత్తటి కణజాలంలో సెకనుకు 1500 మీటర్ల చొప్పున సాగే శబ్దం ఎముకలో దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. పుర్రె అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. నుదుటి దగ్గర ఒక తీరు, కణతల దగ్గర పలచన, వెనక భాగం దిట్టం. ఒక అల కాస్త ముందు, ఇంకోటి కాస్త వెనక చేరితే ఒకటి పైకి లేచేచోట ఇంకోటి కిందికి దిగుతుంది. రెండూ చెల్లుకు చెల్లు.

దీనికి విరుగుడు కనిపెట్టడంలో పెద్ద చెయ్యి కుల్లెర్వో హైనినెన్‌ది. ఫిన్లండ్‌లో పుట్టి, బోస్టన్‌లోనూ తర్వాత టొరంటోలోనూ పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. ఒక పెద్ద బిళ్ల బదులు వందల చిన్న బిళ్లలు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో క్షణానికి మోగించాలన్నది ఆ పద్ధతి. కూచిపూడిలో సాయంత్రం ఆరింటికి ప్రదర్శన అనుకుందాం. మొవ్వ నుంచి వచ్చేవారు పావుగంట ముందు బయల్దేరితే చాలు. పామర్రు వారు ఇంకాస్త ముందు, విజయవాడ వారు మధ్యాహ్నమే బస్సెక్కాలి. ఎవరి దారి ఎంతో తెలిస్తే అందరినీ ఒకే గంటకు గుడి ముందు నిలబెట్టవచ్చు. ప్రతి బిళ్లకూ ఎదురుగా ఎంత మందం ఎముక ఉందో సీటీ స్కాన్ చెబుతుంది, కంప్యూటర్ దాని ప్రకారం ఆలస్యాలు లెక్కగడుతుంది. ఒకరికి వేసిన లెక్క ఇంకొకరికి పనికిరాదు. పుర్రెకో బుద్ధి అన్న సామెత శబ్దశాస్త్రంలో అక్షరాలా నిజం.

గురి కుదిరింది సరే, శబ్దం అక్కడికి చేరి నాడీకణాన్ని ఏం చేస్తుంది? మాడ్చే వేడి లేనప్పుడు అది కణాన్ని ఎలా కదిలిస్తుంది?

ఈ ప్రశ్నకు అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం టైలర్ బృందం 2008లో తిరిగి తలుపు తెరిచింది. ఎలుక మెదడు ముక్కల మీద తక్కువ తీవ్రత శబ్దం పంపితే నాడీకణాలు స్పందించాయి. 2010లో బతికున్న ఎలుకల మోటార్ కార్టెక్స్ మీదికి పంపితే కాళ్లు కదిలాయి. కారణం ఏమిటన్న దానికి ఎక్కువ బలమున్న వాదన ఇది: కణం పొరలో ఒత్తిడికి తెరుచుకునే సన్నని ద్వారాలు ఉంటాయి, వాటినే అయాన్ ఛానళ్లు అంటారు. శబ్దం పొరను లాగి వదిలితే అవి తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి జొరబడుతుంది, కణం మేలుకుంటుంది. కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో 2022లో జరిగిన పని ఈ ద్వారాల్లో కొన్నింటిని పేరు పేరునా గుర్తించింది.

ఇక్కడే కృష్ణా డెల్టా చెవికి పరిచితమైన పేరొకటి వస్తుంది. చలసాని అన్న ఇంటిపేరు ఉయ్యూరు నుంచి మచిలీపట్నం దాకా ఎవరికీ కొత్త కాదు. శ్రీకాంత్ చలసాని కాలిఫోర్నియాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో నాడీశాస్త్రవేత్త. ఆయన బృందం 2015లో మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగు మీద చేసిన ప్రయోగంతో 'సోనోజెనెటిక్స్' అన్న మాట వాడుకలోకి వచ్చింది. సీ ఎలిగాన్స్ అనే ఆ పురుగుకు మొత్తం 302 నాడీకణాలు. ఒత్తిడికి తెరుచుకునే టీఆర్‌పీ-4 అనే ప్రొటీన్‌ను, మామూలుగా అది లేని నాడీకణాల్లో పెట్టి, శబ్దం పంపితే పురుగు దారి మళ్లింది. శబ్దాన్ని పెంచడానికి చుట్టూ సూక్ష్మమైన గాలిబుడగలు కావాల్సి వచ్చింది.

పురుగు ప్రొటీన్ క్షీరదాలకు అక్కరకు రాలేదు. దాంతో ఆ బృందం దాదాపు 300 ప్రొటీన్లను ఒక్కొక్కటే ప్రయోగశాల కణాల్లో పెట్టి, శబ్దం వినిపించి, ఏది పలుకుతుందో చూసింది. చివరికి పలికింది టీఆర్‌పీఏ1, అదీ మనిషిది. 2022లో ఫలితం అచ్చయింది. ఎలుక మెదడులో ఎంచుకున్న కణాలకు ఆ ప్రొటీన్ జన్యువును అందించి శబ్దం పంపితే కాలు కదిలింది.

టీఆర్‌పీఏ1 తెలుగు నాలుకకు కొత్తది కాదు. ఆవకాయ జాడీ మూత తీయగానే ముక్కులోకి దూసుకెళ్లి కళ్లలో నీళ్లు తెప్పించే ఆవపిండి ఘాటును పట్టేది ఈ ఛానలే. ఆవాల్లోని ఘాటైన నూనె దాన్ని తెరుస్తుంది. పచ్చి వెల్లుల్లి ఘాటూ దీని ఖాతాలోదే. ఆవఘాటుకు తెరుచుకునే తలుపు అల్ట్రాసౌండ్‌కూ తెరుచుకుంటుందని మొదట ఎవరూ ఊహించి ఆ జాబితా వేయలేదు. వందల తలుపులు తట్టి చూస్తే అది తీసుకుంది.

సోనోజెనెటిక్స్‌లో ఒక మెలిక ఉంది. ఏ కణాలు పలకాలో శాస్త్రవేత్తే ఎంచుకోవచ్చు, అది దాని బలం. అందుకు ముందుగా జన్యువును మెదడులోకి చేర్చాలి, అది దాని భారం. కోత లేదంటారు గానీ జన్యుచికిత్స ఉంది. మనుషుల దాకా రావడానికి దానికి ఇంకా పెద్ద దారే ఉంది. అందుకే మనుషుల మీద జరుగుతున్న ప్రయోగాలన్నీ జన్యువులు మార్చకుండా, ఉన్న కణాలను ఉన్నట్టే తట్టి చూసేవి.

ఆ ప్రయోగాలకు 2018లో గట్టి దెబ్బ తగిలింది. 'న్యూరాన్' పత్రికలో ఒకేసారి రెండు పరిశోధనలు వచ్చాయి, ఒకటి మిన్నెసోటా నుంచి, ఇంకోటి కాల్టెక్ నుంచి. రెండూ అడిగింది ఒకటే: మెదడులో కనిపిస్తున్న స్పందన శబ్దం తట్టడం వల్లా, వినిపించడం వల్లా? మిన్నెసోటా వారు గినీ పందుల శ్రవణనాడులు కోసేసి చూస్తే, అల్ట్రాసౌండ్‌కు కార్టెక్స్‌లో వస్తుందనుకున్న స్పందన మాయమైంది. కాల్టెక్‌లో చెవుడు తెప్పించిన ఎలుకల్లో కదలికలు బాగా తగ్గాయి.

అల్ట్రాసౌండ్ అంటేనే చెవికి అందనిది కదా అన్న సందేహం సహజం. చెవికి అందనిది ఆ కంపనం. దాన్ని టక్కున మొదలుపెట్టి టక్కున ఆపుతూ విడతలుగా పంపినప్పుడు, ఆ మొదలూ ఆ ముగింపూ ఎముక ద్వారా చెవికి చేరతాయి. కూచిపూడి రంగస్థలం మీద నట్టువాంగం తాళం పడగానే పాదం కదులుతుంది. తాళం వినపడని ప్రేక్షకుడికి ఆ పాదం దానంతట అదే కదిలినట్టు కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు పదేళ్లపాటు ఆ ప్రేక్షకుడి స్థానంలో ఉండి చూశారేమోనన్న అనుమానం పుట్టింది.

వాదన అక్కడితో తెగలేదు. స్టాన్‌ఫర్డ్ బృందం 2019లో పుట్టుకతో చెవుడున్న ఎలుకలను తీసుకుంది. వాటి కాళ్లూ కదిలాయి. శబ్దం అంచులను నునుపు చేసి, టక్కున కాకుండా మెల్లగా పెంచి మెల్లగా దించితే చెవి మేలుకోలేదు, కదలిక మాత్రం మిగిలింది. అంటే రెండు పక్కలా కొంత నిజముంది. కొన్ని పాత ఫలితాలు చెవివే అయ్యుండవచ్చు. అన్నీ చెవివి కావు. ఈ గొడవ తర్వాత మనుషుల మీద చేసే ప్రయోగాల్లో హెడ్‌ఫోన్లలో ముసుగు శబ్దం పెట్టడం, వేరే భాగానికి గురిపెట్టి పోల్చి చూడటం మర్యాదగా మారింది. ఏ పరిశోధననైనా చదివేటప్పుడు మొదట వెతకాల్సింది ఆ జాగ్రత్త ఉందా లేదా అన్నది.

మనుషుల్లో వచ్చిన ఫలితాలను ఈ జల్లెడలో వేస్తే పెద్ద మాటలు చాలావరకు రాలిపోతాయి. 2016లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో మార్టిన్ మోంటీ బృందం, తలకు దెబ్బ తగిలి స్పృహ పూర్తిగా రాని 25 ఏళ్ల యువకుడి థలామస్ మీదికి శబ్దం పంపింది. కొద్దిరోజుల్లో అతను తేరుకున్నాడు. 'కోమా నుంచి లేపిన శబ్దం' అని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. దానంతట అదే తేరుకునే సమయం కాకతాళీయంగా కలిసివచ్చి ఉండవచ్చని చెప్పింది మాత్రం ఆ శాస్త్రవేత్తలే. దిగులు జబ్బు, దీర్ఘకాలపు నొప్పి, మాదకద్రవ్యాల వ్యసనం మీద వచ్చిన పరిశోధనలు ఆశ పుట్టించేవే. వాటిలో చాలావాటిలో పాల్గొన్నవారు కొద్దిమందే. పైన చెప్పిన 32 శాతం ఇక్కడ గుర్తుకు రావాలి. పట్టుమని పదిమంది ఉన్న పరీక్షలో నమ్మకం చేసే మేలునూ శబ్దం చేసే మేలునూ వేరుచేయడం ఎవరి తరమూ కాదు.

2025 సెప్టెంబరులో వచ్చిన ఒక పని మాత్రం జల్లెడలో నిలుస్తుంది. లండన్‌లోని యూసీఎల్‌కు చెందిన బ్రాడ్లీ ట్రీబీ, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన షార్లట్ స్టాగ్ బృందాలు 256 బిళ్లలతో ఒక హెల్మెట్ తయారుచేశాయి. ఎంఆర్‌ఐ యంత్రంలోనే అది పనిచేస్తుంది. తల కదలకుండా ముఖానికి మెత్తటి ప్లాస్టిక్ తొడుగు. మామూలు అల్ట్రాసౌండ్ గురిపెట్టగల చోటుకంటే దాదాపు వెయ్యి రెట్లు, అంతకుముందు లోతైన మెదడుకు వాడిన పరికరాలకంటే 30 రెట్లు చిన్న చోటును ఇది పట్టగలదు. ఆరోగ్యంగా ఉన్న ఏడుగురు అందులో పడుకుని నలుపు తెలుపు గడులను చూశారు. వారి లాటరల్ జెనిక్యులేట్ మీదికి శబ్దం పంపినప్పుడు దృష్టి కార్టెక్స్ చురుకుదనం పెరిగింది. మరో రకం లయలో పంపితే ఆ చురుకుదనం తగ్గి, కనీసం 40 నిమిషాలు అలాగే ఉంది.

లాటరల్ జెనిక్యులేట్. ఫ్రై సోదరులు 1958లో పిల్లిలో గురిపెట్టిన మజిలీ అదే. పుర్రె కోసి చేసిన పనిని పుర్రె కోయకుండా, అదీ మనిషిలో చేయడానికి 67 ఏళ్లు పట్టింది. ఆ ఏడుగురిలో ఎవరికీ జబ్బు లేదు, ఎవరి జబ్బూ నయం కాలేదు. గురి కుదిరిందనీ, లయ మారిస్తే ఫలితం మారుతుందనీ తేలింది. జతి మారితే అడుగు మారినట్టు, అదే శబ్దం ఒక లయలో రేపుతుంది, ఇంకో లయలో అణుస్తుంది. ఏ జబ్బుకు ఏ లయ అన్న పట్టిక ఇంకా ఎవరి దగ్గరా లేదు.

ప్రమాదం మాటేమిటి? తట్టే రకంలో వాడే తీవ్రత వాత పెట్టేదానికంటే ఎన్నో రెట్లు తక్కువ. కణజాలం వేడి రెండు డిగ్రీలకు మించి పెరగకూడదని, గాలిబుడగలు పుట్టించే ఒత్తిడి దాటకూడదని ఈ రంగంలోని పరిశోధకులు ఉమ్మడిగా హద్దులు గీసుకున్నారు. ఆ హద్దుల్లో జరిగిన ప్రయోగాల్లో తీవ్రమైన హాని అరుదు. అయితే ఒకసారి చేసి చూడటం వేరు, వారం వారం ఏళ్ల తరబడి వాడటం వేరు. రెండోదాని లెక్క తేలాలంటే ఏళ్లే పడతాయి.

ఇప్పుడు కూచిపూడికి వద్దాం. తలమీద నీళ్ల చెంబు, పాదాల కింద ఇత్తడి పళ్లెం అంచు, ఆ మీద తాళానికి తగిన నడక: తరంగం చూసినవారికి శరీరం మీద ఇంత అదుపు ఎక్కడిదా అనిపిస్తుంది. ఆ అదుపులో పెద్ద వాటా మెదడు అడుగున ఉండే బేసల్ గాంగ్లియా, థలామస్, చిన్నమెదడులది. పార్కిన్సన్స్ దెబ్బతీసేది ఆ వలయాన్నే. ఆ వలయానికి ముఖ్యమైన మందు ఇక్కడి కంచెల మీదా కాసింది. ముట్టుకుంటే ఒళ్లంతా దురదపెట్టే దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉంటుందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు. అదే పదార్థం 1960లలో పార్కిన్సన్స్ మందై, ఈనాటికీ మొదటి వరసలోనే ఉంది.

ప్రవాసాంధ్రుల సిలికానాంధ్ర సంస్థ చొరవతో కూచిపూడిలో సంజీవని ఆసుపత్రి వెలిశాక చాలా జబ్బులకు బస్సెక్కే పని తప్పింది. వణుకు ముదిరితే మాత్రం ప్రయాణం తప్పదు. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా విజయవాడ వస్తే నరాల వైద్యులు దొరుకుతారు. మందులకు లొంగని పార్కిన్సన్స్‌కు మెదడులో తీగ అమర్చి విద్యుత్తుతో లోతు భాగాలను ఉత్తేజపరిచే డీబీఎస్ శస్త్రచికిత్స హైదరాబాద్‌లో ఏళ్లుగా జరుగుతోంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ 1987లో మొదలుపెట్టిన ఆ పద్ధతికి పుర్రెలో బెజ్జం, ఛాతీలో బ్యాటరీ కావాలి. తీగను తీసేయవచ్చు, కరెంటు తగ్గించవచ్చు. శబ్దపు వాతకు ఆ వెసులుబాటు లేదు, దానికి బదులు కోతా లేదు, బ్యాటరీ మార్చే పనీ లేదు. వాత పెట్టే యంత్రాన్ని మన దేశంలో కోయంబత్తూరులోని రాయల్ కేర్ ఆసుపత్రి తెప్పించుకుంది. తట్టి లేపే హెల్మెట్ మాత్రం ప్రపంచంలో ఎక్కడా వణుకుకు ఆమోదం పొందిన చికిత్స కాదు. ఫోన్లో వీడియో చూసి 'మా నాన్నగారికి ఆ హెల్మెట్ పెట్టిస్తారా?' అని అడిగే కొడుక్కి వైద్యుడు మొదట చెప్పాల్సింది ఈ తేడా.

ఆ తర్వాత వాత చికిత్సే కావాలనుకుంటే, పరీక్షల్లో కీలకమైనది పుర్రె సీటీ స్కాన్. ఎముక లోపలి మెత్తటి పొరకూ పైనున్న గట్టి పొరలకూ మధ్య సాంద్రత నిష్పత్తి ఎంతో లెక్కగడతారు. అది 0.40 చుట్టుపక్కల గానీ అంతకంటే పైన గానీ ఉంటే శబ్దం లోపలికి వెళ్లి తగినంత వేడి పుట్టిస్తుంది. బాగా తక్కువైతే 1024 బిళ్లలూ ఒక్కసారిగా మోగినా పుర్రె వేడెక్కుతుందే తప్ప థలామస్ ఉడకదు. అప్పుడు ఆ ఫైలు మీద సాధారణంగా డీబీఎస్ వైపు బాణం గుర్తు పడుతుంది.